మగ్గం మీద కప్పిన గుడ్డ

పెళ్లై గద్వాలకు వచ్చిన మొదటి వారంలోనే నా నవ్వుకు వీధిలో పేరు పడింది, "బల్మూరు బస్సు బ్రేకు" అని. బల్మూరు మా పుట్టింటి ఊరు. పేరు పెట్టింది ఎదురింటి కిష్టమ్మ. "బ్రేకేస్తే మూడిండ్ల అవతలికి ఇనొస్తది" అని ఆమె మా అత్తమ్మ సుగుణమ్మతో అంటుంటే విన్నాను. కోపం రావాల్సింది పోయి ఇంకా నవ్వొచ్చింది.

ఏం చేయను? ఆ ఎండాకాలం నాకు ప్రతిదానికీ నవ్వొచ్చేది. మధుసూదన్ అద్దం ముందు మీసం దిద్దుకుంటే నవ్వు. మామిడికాయ కోస్తుంటే చేతినిండా ఉన్న ఆకుపచ్చ గాజులు గలగలమంటే నవ్వు. నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదివాను కానీ, ఒకే సబ్బుపెట్టెలో రెండు సబ్బులు పక్కపక్కన ఉంటే చూడ్డానికి అంత బాగుంటుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

మధు జవాను. జమ్మూ దిక్కు పోస్టింగు. పెళ్లికని పెద్ద సెలవే తెచ్చుకున్నాడు. ఇంట్లో నేతపని మామ నర్సింహులుది. ముందుగదిలో నేలలో గుంట తవ్వి మగ్గం వేసి ఉంటుంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేను పోయి ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. బయట నిప్పులు కురుస్తున్నా లోపల మట్టి చల్లగా, నీళ్ల కుండ అడుగులా ఉండేది.

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట దారానికి దారం మెలివేసి లాగాలి. ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు గుంటలో కూర్చుని నేస్తుంటే, ఇంకొకరు అంచు దిక్కు కూర్చుని, అడ్డుదారం తెచ్చే నాడె అందుకుని మళ్లీ విసరాలి. మా ఇంట్లో అంచు దిక్కు కూర్చునేది హన్మవ్వ.

హన్మవ్వకు డెబ్బై దాటాయి. బోసి నుదురు, బోసి చేతులు. ఆమె ఎవరని మధును అడిగితే, "తాతకేదో వరుస. వదిన అయితదేమో. నేను పుట్టినప్పట్నుంచి గిట్లనే ఉంది" అన్నాడు. తాతంటే బక్కయ్య, మామ వాళ్ల నాన్న. ఆయనా ఒకప్పుడు మిలిటరీలో పనిచేసినవాడే. భార్య పోయి కొన్నేళ్లయింది. పొద్దంతా అరుగు మీద కూర్చుని వీధిని చూస్తుంటాడు. తాతకూ హన్మవ్వకూ మాటల్లేవు. ఆయన అరుగు మీదుంటే ఆమె పెరటి దారిన తిరిగి వచ్చేది. పెళ్లికూతుళ్లు కట్టే చీరల అంచులన్నీ ఆమె చేతుల మీదుగా పోయేవి కానీ ఆమెను పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కారు. మా పెళ్లికీ రాలేదు. ఇంట్లో ఎవరైనా మంచి పని మీద బయలుదేరితే అత్తమ్మ గొంతు వినిపించేది: "పెద్దత్తా, ఎదురు రాకు!"

మే నెల మొదట్లో ఫోనొచ్చింది. సెలవు రద్దు, వెంటనే రావాలి. సరిహద్దులో ఏదో జరగబోతోందని టీవీలన్నీ అరుస్తున్నాయి.

బయలుదేరే పొద్దున అత్తమ్మ నా చేతికి నీళ్ల చెంబిచ్చి గడప ముందు నిలబెట్టింది. "ముత్తయిదువవు నువ్వు ఎదురు రావాలె. నవ్వితే మాత్రం పండ్లు రాలగొడ్త" అంది. నేను పెదాలు బిగించుకుని నిలబడ్డాను. అంతలో నూలు పెట్టుకునే గదిలోంచి దగ్గు వినిపించింది. చూస్తే బయటి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. లోపల హన్మవ్వ. పొరపాటున ఎవరో వేసేశారనుకున్నాను. చెంబు పక్కన పెట్టి పోయి గొళ్లెం తీశాను.

అవ్వ బయటికి రావడం, మధు సంచి భుజానికెత్తుకుని గడప మీద కాలు పెట్టడం ఒక్కసారే అయ్యాయి. ఇద్దరూ ఎదురెదురు నిలబడ్డారు.

"అయ్యో నా కొడుకా!" అని అత్తమ్మ గుండెలు బాదుకుంది.

మధు సంచి దించి అవ్వ కాళ్లకు దండం పెట్టాడు. "పోయొస్త పెద్దవ్వా."

అవ్వ అతని తల మీద చెయ్యి పెట్టబోయి ఆపుకుంది. "పోయి రా నాయనా. రావాలె నువ్వు."

అత్తమ్మ కొడుకును వెనక్కి లాగి, కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు తాగించి మళ్లీ పంపింది. ఈసారి చెంబుతో నేనే ఎదురొచ్చాను. మధు నన్ను దాటుతూ కన్ను కొట్టాడు. నాకు నవ్వొచ్చేసింది. బ్రేకు మూడిళ్ల అవతలికి వినిపించింది.

ఆటో మలుపు తిరిగాక అత్తమ్మ నా దిక్కు తిరిగింది. "ముండమోసినదాన్ని నా కొడుక్కు ఎదురు తోలి, మీదికెళ్లి నవ్వుతవా? ఏం పుట్టుకనే నీది?"

"అవ్వ లోపల ఉన్నదని తెల్వదత్తమ్మా. దగ్గుతుంటె..."

"దగ్గనియ్! సావనియ్! నీకెందుకు?"

ఆ మాట హన్మవ్వ పక్కనుండగానే అంది. అవ్వ ఏమీ విననట్టు చీపురు తీసుకుని పెరట్లోకి పోయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అన్నం కూడా ముళ్లతో పెట్టినట్టుండేది. నేనిచ్చిన నీళ్లు అత్తమ్మ ముట్టేది కాదు. నేను కూర్చున్న చాప దులిపి కూర్చునేది. అవ్వ కంచం పెరట్లోకి మారింది. ముందుగదిలో ఆమె నీడ కూడా పడొద్దని అత్తమ్మ ఆజ్ఞ. సాయంత్రాలు కిష్టమ్మ వచ్చి కొత్త పుల్లలు వేసేది. "అడుగు మంచిది గావాలె సుగుణా. కోడలు గడప తొక్కింది, జంగ్ మొదలాయె." నేనొచ్చి రెండు దేశాల మధ్య యుద్ధం పెట్టానన్నమాట! మామ మాత్రం, "జర ఊకోండ్రే" అనేవాడు, తనకే వినపడనంత మెల్లగా.

అవ్వను మగ్గం దగ్గరికి రానివ్వకపోయేసరికి అంచు దిక్కు మనిషి లేకుండా పోయింది. ఎవరో చెప్పి నేయించుకుంటున్న పెళ్లి చీర సగంలో ఉంది. మామ నన్ను కూర్చోబెట్టాడు. మొదటి రోజు నా అంచు కుక్క చెవిలా వంకరపోయింది. మామ తల పట్టుకున్నాడు. ఆయన బీడీకని బయటికి పోగానే పెరటి కిటికీ ఊచల వెనక ఒక బోసి చెయ్యి కనిపించింది.

"పిల్లా, దారం గట్ల గుంజకు. జుట్టు దువ్వినట్టు మెల్లగ గుంజు. నాడె నీ దిక్కు ఒచ్చేటప్పుడు సూడకు. ఇను. సప్పుడు సెప్తది."

రెండు రోజుల్లో అంచు సాపుగా వచ్చింది. నాకెంత సంతోషమేసిందంటే మధుకు ఫోటో పంపాను. "చీర మంచిగుంది, నువ్వెక్కడ?" అని మెసేజ్ పెట్టాడు. తలలో మల్లెపూలు పెట్టుకుని ఇంకో ఫోటో పంపాను. దాని కింద ఒక్క గీతే పడింది. అందినట్టు చూపే రెండో గీత పడలేదు. మర్నాడూ పడలేదు.

అక్కడ కాల్పులు మొదలయ్యాయి. టీవీలో రాత్రీపగలూ మంటలు. ఎవరి ఫోనుకూ మధు ఫోను కలవడం లేదు. అయినా పొద్దున్నే పూలమ్మే ఆమె దగ్గర మూర మల్లెలు కొని పెట్టుకునేదాన్ని. రెండో గీత పడే సమయానికి నా తలలో పూలుండాలని నా లెక్క. పిచ్చి లెక్కే. "సిగ్గు లేదు" అనేది అత్తమ్మ. లేదు మరి.

ఆ రోజు సాయంత్రం మామా నేనూ మగ్గం మీద ఉన్నాం. కిష్టమ్మ చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చింది.

"సుగుణా! మన గద్వాల దిక్కు జవాను ఒకడు పోయిండంట. మా వాని ఫోన్ల ఒచ్చింది."

"పేరేందంట?" అన్నాడు మామ.

"పేరు తెల్వదు. జమ్మూల అంట."

అత్తమ్మ నిలుచున్నది నిలుచున్నట్టే కూలబడింది. మామ గుంటలోంచి లేచాడు.  పోలీస్ స్టేషన్‌కు పోయి కనుక్కుంటానని చొక్కా తొడుక్కుంటూనే, ఎందుకో వెనక్కి వచ్చి, దండెం మీది తెల్ల గుడ్డ లాగి మగ్గం మీద కప్పాడు. ఆలోచించి చేసినట్టు లేదు. చేతులు చేసేశాయి. తర్వాత పరుగున పోయాడు.

నేతగాళ్ల వీధిలో మగ్గం మీద గుడ్డ కప్పితే ఆ ఇంట్లో చావు అని అర్థం. తెరిచిన తలుపులోంచి ఎవరు చూశారో, మాకు ఎడమపక్క మగ్గం ఆగింది. తర్వాత కుడిపక్కది. ఆ వెనక ఎదురు వరుస. వచ్చినప్పటి నుంచి ఆ వీధిలో మగ్గాల చప్పుడు లేని పగలు నేను వినలేదు. నిశ్శబ్దం ఒక్కో ఇంటినీ తడుముకుంటూ చివరిదాకా పోయింది. ఆ వెంటనే ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు.

"మా మధు కాదు" అన్నాను. ఎవరూ వినలేదు.

"పూలు తియ్యండ్రి ఆ పిల్లయి" అంది కిష్టమ్మ.

అత్తమ్మ లేచి వచ్చి నా తలలో పూలు పట్టి లాగింది. పూలతో పాటు వెంట్రుకలూ ఊడొచ్చాయి. "పూలు గావాల్నా నీకు? నవ్వు! ఇప్పుడు నవ్వే!" అంటూ వాటిని నా మొహం మీద కొట్టింది. ఎవరో నా ఎడమచెయ్యి పట్టుకున్నారు. "గాజులు గూడ..." అంది ఒక గొంతు. "ఖబర్ రానియ్" అంది ఇంకో గొంతు. "గుడ్డ కప్పినంక ఇంకేం ఖబర్?" అంది కిష్టమ్మ. ఆకుపచ్చ గాజు ఒకటి ఆమె పిడికిట్లో చిట్లింది. నా మణికట్టు మీద సన్నగా రక్తం గీత పడింది.

అప్పుడు పెరటి తలుపు తోసుకుని హన్మవ్వ ముందుగదిలోకి వచ్చింది. ఎవరి దిక్కూ చూడలేదు. నేరుగా పోయి మగ్గం మీది గుడ్డ లాగి మూలకు విసిరింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని గుంటలోకి దిగి, మామ కూర్చునే చోట కూర్చుంది.

"రా పిల్లా. అంచు దిక్కు కూసో."

"పెద్దత్తా!" అత్తమ్మ అరిచింది. "సావింట్ల మగ్గం ఆడిస్తవా? నీకు మతి ఉన్నదా?"

"సావెక్కడిది? ఎవ్వలు జూసిన్రు?" అవ్వ కాలు కింద తొక్కింది. మగ్గం కదిలింది. "రా పిల్లా, అంటున్న."

కిష్టమ్మ చేతిలోంచి నా చెయ్యి లాక్కుని పోయి కూర్చున్నాను. నాడె వచ్చింది. కళ్లనిండా నీళ్లు, ఏమీ కనపడటం లేదు. చప్పుడు విని అందుకున్నాను.

"మామా!" అత్తమ్మ అరుగు దిక్కు కేక వేసింది. "జెర సెప్పరాదు ఈమెకు! నోరు పడిపోయిందా?"

బక్కయ్య తాత అరుగు మీదే ఉన్నాడు. తల దించుకుని తన కాళ్ల మధ్య నేలను చూస్తున్నాడు.

"ఆయనేం జెప్తడు" అంది అవ్వ, నేస్తూనే. "అప్పుడు గూడ గట్లనే నేల జూసిండు."

 అవ్వ గొంతు పెంచలేదు. నాడెకూ నాడెకూ మధ్య దొరికిన సందులో ఒక్కో మాట వేస్తూ పోయింది.

"నాకు పద్దెనిమిదేండ్లు పిల్లా. బంగ్లాదేశ్ జంగ్. ఆయన కానొస్తలేడని మిలిటరీకెళ్లి తార్ ఒచ్చింది. సచ్చిండని ఎవ్వలు జెప్పలే. కొన్ని నెల్లు జూసిన్రు. ఇంతల మా మర్దికి లగ్గం కుదిరింది. కానరాని మనిషి ఉన్న ఇంట్ల శుభకార్యం ఎట్ల జేస్తరు? మోదుగాకులతోని బొమ్మ జేసి, ఆయన పేరు వెట్టి కాలబెట్టిన్రు. ముందుగాల గీ మగ్గం మీద గుడ్డ కప్పిన్రు. ఆ ఎన్క గా అరుగు మీద నా గాజులు పగలగొట్టిన్రు. మర్ది లగ్గం మంచిగ అయింది."

అవ్వ కళ్లు అరుగు దిక్కు పోయాయి. ఆమె చెప్పే ఆయన తాతేనని నాకు అప్పుడు తెలిసింది. నా చేతిలో నాడె ఆగిపోయింది.

"ఆపకు. నువ్వాపితే వీండ్లు మొదలువెడ్తరు." నేను విసిరాను. అవ్వ అందుకుంది. "చలికాలంల ఆయన నడుసుకుంట ఒచ్చిండు. అవతల దేశం జైల్ల ఉండెనంట. దినాలైన మనిషి ఇంట్లకు ఎట్లొస్తడు? మల్ల పుట్టియ్యాలన్నరు పెద్దలు. మీసాలున్న మనిషిని తొట్టెల కూసోబెట్టి ఊపిన్రు. జోల పాడిన్రు. పేరు వెట్టిన్రు, అదే పేరు. కొత్తగ పుట్టినోనికి కొత్త లగ్గం గావాలె. పాత పెండ్లాన్నే మల్ల కట్టుకోవచ్చన్నరు. మా అత్త ఒద్దంది. గాజులు పగిలినదాన్ని పీటల మీద కూసోబెడితే కొడుక్కు ఇంకో గండమంది. ఆయన నేల జూసిండు. ఇటిక్యాలకెళ్లి ఇంకో పిల్లను తెచ్చిన్రు, మీ మామ తల్లిని. ఆ పిల్ల పెండ్లి చీర అంచు నేనే నేసిన."

నాడె విసిరి ఇంకో వరుస నేసింది.

"ఆయన్ని పుట్టిచ్చిన్రు. నన్ను పుట్టియ్యలే."

వచ్చిన ఆడవాళ్లలో ముసలివాళ్లు గోడల దిక్కు చూశారు. వాళ్లందరికీ తెలుసన్నమాట. కిష్టమ్మ పగిలిన గాజు ముక్కలు ఇంకా పిడికిట్లోనే పట్టుకుని ఉంది. ఎక్కడ పారేయాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, కొంగున ముడేసుకుంది.

"పాపిష్టిదానా! నా కొడుక్కేమన్న అయితే నిన్ను బతకనియ్య!" అని అత్తమ్మ ఏడుస్తూ అరుస్తూనే ఉంది. మగ్గం మాత్రం ఆగలేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఎడమపక్క ఇంట్లో మగ్గం ఒక్కసారి టక్కుమంది. ఆగింది. మళ్లీ టక్కుమంది. తర్వాత ఎదురు వరుసలో ఒకటి. చీకటి పడే వేళకు వీధంతా ఎప్పటిలాగే మోగుతోంది. చావు ఇంటికి పలకరింపుకని వచ్చినవాళ్లకు ఏం పలకరించాలో తెలియక ఒక్కొక్కరే లేచిపోయారు.

మామ తిరిగొచ్చి, స్టేషన్‌లో అలాంటి కబురేదీ లేదన్నారని చెప్పాడు. మగ్గాన్ని, గుంటలో ఉన్న అవ్వను, మూలనున్న గుడ్డను చూశాడు. గుడ్డ మడిచి దండెం మీద వేశాడు.

మర్నాడు పగలు ఏదో తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"రజనీ, నేనే. నా ఫోను జమ చేసుకున్నరు. తిన్నవా?"

ఏం చెప్పానో గుర్తులేదు. అత్తమ్మ ఫోను గుంజుకుంది. "కొడుకా" అని ఒక్క మాట అని, మిగతా సేపంతా ఏడ్చింది. ఫోను పెట్టేశాక కళ్లు తుడుచుకుని నన్ను చూసి, "పూలామె పోతుంది. గట్ల బోడి తల ఏసుకుని నిలవడ్డవేంది?" అని కసిరింది. క్షమాపణలాంటిది ఆ ఇంట్లో నాకు దొరికిందంటే అదే. పరుగెత్తి రెండు మూరలు కొన్నాను. అవి వాడేలోపు అతని ఫోను తిరిగి ఇచ్చినట్టున్నారు, నా ఫోటో కింద రెండో గీత పడింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే కాల్పులు ఆగాయి. జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు పెళ్లి చీర మగ్గం దిగింది. దాన్ని ఇచ్చి రావడానికి మామ సంచి పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. హన్మవ్వ నూలు గదిలో ఉంది. అత్తమ్మ అలవాటుగా పోయి గొళ్లెం మీద చెయ్యి వేసింది. నేను చూస్తున్నాను. చెయ్యి అక్కడే కాసేపు ఉండి, కిందికి జారింది.

"ఏం జూస్తున్నవ్? పనిలేదా?" అంది నా మీదికి వస్తూ.

ఆ మధ్యాహ్నం గాజులమ్మే ఆమె వచ్చింది. పగిలిన గాజుకు జత తీసుకుంటుంటే నాకో ఆలోచన వచ్చింది. చిన్న చిన్న సంతోషాల దగ్గర నాకు తెలివి ఆగదు. పెరట్లోకి పోయి హన్మవ్వ చెయ్యి పట్టి అరుగు మీదికి లాక్కొచ్చాను. ఓ చివర బక్కయ్య తాత కూర్చుని ఉన్నాడన్న సంగతి కూడా పట్టించుకోలేదు.

"అవ్వా, నీ మొగడు బతికే ఉన్నడు గద. ఎవ్వలు ఒద్దంటరు? ఏస్కో. ఎర్రయా, పచ్చయా?"

గాజులామె తెల్లబోయి మమ్మల్ని చూసింది. అవ్వ బోసి చెయ్యి నా చేతిలో ఉంది. ఎముకల మీద కాగితం చుట్టినట్టుంది. ఆమె గాజుల దిక్కు చాలాసేపు చూసింది. ఒక ఎర్ర గాజు వేలితో తిప్పింది కూడా. తర్వాత అరుగు చివరకు ఒకసారి చూసి, నా చేతిలోంచి మెల్లగా చెయ్యి తీసుకుంది.

"ఒద్దు బిడ్డా. ఇయ్యాల ఏసుకుంటననుకో. ఎనభై ఏండ్ల మనిషి, రేపో మాపో పోతడు. అప్పుడు మల్ల పట్టుకొచ్చి గీడనే కూసోబెట్టి పగలగొడ్తరు." ఆమె మొహం మీద ముడతలన్నీ ఒక్కసారి కదిలాయి. "ఒక్క మొగనికి ఎన్నిసార్లు ముండమొయ్యాలె?"

అని నవ్వింది. నోట్లో ఉన్న నాలుగు పళ్లూ కనిపించేలా, మూడిళ్ల అవతలికి వినిపించేలా. ఎదురింటి తలుపులోంచి కిష్టమ్మ తొంగి చూసింది, నేనే అనుకుని.

బక్కయ్య తాత చేతికర్ర వెతుక్కుని, లేచి, గోడ పట్టుకుని లోపలికి పోయాడు.

నాకు నవ్వు రాలేదు. అవ్వ నా దిక్కు చూసి, "ఏందే, బ్రేకు వడ్తలేదా?" అని, ముందుగదిలోకి పోయి గుంటలోకి దిగింది. కొత్త చీరకు దారాలు కట్టి ఉన్నాయి. నేను గాజులు మోచేతి మీదికి నెట్టుకుని అంచు దిక్కు కూర్చున్నాను.